జెండర్ చరిత్ర పోస్టర్లు: ముసాయిదా ఇది, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పండి

కాకతీయ_చదువులు
హన్మకొండలో కాలేజీ ప్రదర్శన కోసం పన్నెండు పోస్టర్లు తయారవుతున్నాయి. ఆడ, మగ అనే రెండు గళ్లలో ఇమడని మనుషుల గురించి మన దగ్గరా బయటా ఎవరేం ఆలోచించారు, ప్రభుత్వాలు ఏం చట్టాలు చేశాయి అన్నది విషయం. ఒక్కో పోస్టర్‌కు 80 పదాలు, ఒక బొమ్మ. ప్రస్తుతానికి వరస ఇదీ: అర్ధనారీశ్వరుడు, కామసూత్రంలో తృతీయా ప్రకృతి, మగపేరుతో ఏలిన రుద్రమదేవి, ఓరుగల్లు మీదికి వచ్చిన ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్, 1871 నేరస్థ తెగల చట్టం కింద వరంగల్‌లో హిజ్రాల అరెస్టులు, 1990లలో అమెరికాలో నాన్-బైనరీ ఆలోచన పుట్టడం, 2011 జనగణనలో మన రాష్ట్రంలో 43,769 మంది నాన్-బైనరీలు, 2014 సుప్రీంకోర్టు తీర్పు, వేములవాడలో దేవుణ్ణి పెళ్లాడే 'శివపార్వతులు'. మూడు ఖాళీలున్నాయి. విషయం తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా కొట్టేయండి.

వకీలుసాబ్_హన్మకొండ
ఐదోది ముందు తీసేయండి. 1871 నాటి 27వ చట్టంలో రెండు భాగాలు. మొదటిది తెగల మీద. 24వ సెక్షన్ నుంచి మొదలయ్యే రెండోది 'యూనక్స్' మీద, అంటే సర్కారు నపుంసకులని ముద్ర వేసినవాళ్ల మీద. ఆ రెండో భాగం వాయవ్య పరగణాలు, అవధ్, పంజాబ్‌లకే. పక్కనే ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే అది లేదు. ఇక వరంగల్ అప్పటికి నిజాం సుబా, బ్రిటిష్ ఇండియా చట్టం ఇక్కడికి ఎట్లా వస్తుంది?

అయితే మన దగ్గర ఏమీ లేదనుకోవద్దు. ఆ రెండో భాగాన్ని దాదాపు అచ్చుగుద్దినట్టు దించిన చట్టం నిజాం ప్రభుత్వమే చేసింది. తర్వాతి రోజుల్లో దాని పేరు 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) యూనక్స్ చట్టం, 1329 ఫసలీ'. హైదరాబాద్ నగరంలోనూ, సర్కారు ప్రత్యేకంగా నోటిఫై చేసిన ఇతర చోట్లా ఉండేవాళ్లలో, పిల్లల్ని ఎత్తుకుపోతారనో ఇంకో నేరం చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. అలా పేరెక్కిన మనిషి ఆడబట్టల్లోగానీ నగలతోగానీ వీధిలో కనిపించినా, వీధిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్ల లోపు మగపిల్లవాణ్ణి దగ్గర పెట్టుకోవడం విడిగా ఇంకో నేరం.

పోస్టర్‌కు పనికొచ్చేది ఆ చట్టంలోని నిర్వచనం. మగమనిషై ఉండి, తనకు పుంసత్వం లేదని తానే ఒప్పుకున్నవాడు, లేదా వైద్య పరీక్షలో అలా తేలినవాడు. అంటే సర్కారు చూసింది శరీరాన్ని, శిక్షించింది చీరను. ఈ రెంటికీ మధ్య ఉన్న మనిషి తన గురించి ఏమనుకున్నాడో ఆ కాగితంలో ఎక్కడా గడి లేదు.

'నగరం, నోటిఫై చేసిన చోట్లు' అన్న మాట వదలకండి. దాన్ని వదిలేసి 'వరంగల్‌లో అరెస్టులు' అని రాస్తే రుజువు చూపించాల్సింది మీరే.

ఫసలీకాగితం
వకీలుసాబ్ చెప్పిన 1329 దగ్గరే చాలామంది జారిపడతారు. దాన్ని హిజ్రీ అనుకుంటే 1911 వస్తుంది. ఇది హిజ్రీ కాదు, ఫసలీ, అంటే శిస్తు లెక్కల కోసం పెట్టుకున్న సంవత్సరం. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అక్టోబరు 6 ప్రాంతంలో మొదలవుతుంది. ఆజూర్, దై, బహ్మన్ నెలల్లో తారీఖు ఉంటే 590 కలపండి. బహ్మన్ చివరి కొద్ది రోజులు మాత్రం జనవరిలో పడతాయి. ఆ తర్వాత నెలలన్నిటికీ 591. కాబట్టి 1329 ఫసలీ అంటే 1919 అక్టోబరు నుంచి 1920 అక్టోబరు దాకా. నెల తెలియనప్పుడు '1919-20' అని రాయడం క్షేమం. మద్రాసు వాళ్ల ఫసలీ జులై 1న మొదలవుతుంది, ఆ పట్టిక తెచ్చి ఇక్కడ పెట్టొద్దు.

కోటగుమ్మం
రుద్రమదేవిని ఈ వరసలో పెట్టడం మీద నాకు గట్టి అభ్యంతరం. శాసనాల్లో ఆమె 'రుద్రదేవ మహారాజు'. గణపతిదేవుడు కొడుకుకు పెట్టినట్టే రుద్ర అని పేరు పెట్టాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం చెబుతుంది. ఇంతవరకు నిజమే. కానీ మగపేరు సింహాసనానికి పెట్టుకున్నది. ఆ రోజుల్లో రాజు అనే పదవికి ఉన్న రూపం మగరూపం, పదవి ఎక్కిన మనిషి ఆ రూపం తొడుక్కుంటుంది. ఆమెకు నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లయింది, కూతుళ్లున్నారు. ఓరుగల్లు కోటలో స్వయంభూ ఆలయం దగ్గర దొరికిన శిల్పంలో సింహం మీద కత్తీ డాలుతో కూర్చున్నది స్పష్టంగా ఆడమనిషి. దాన్ని ఆమె 'రాయగజకేసరి' బిరుదుకు ముడిపెట్టి చదువుతారు. ఒకే దర్బారు రాతలో మహారాజు అంటుంది, రాతిలో స్త్రీని చెక్కుతుంది. దానికీ దీనికీ పేచీ ఉందని వాళ్లు అనుకోలేదు.

మాలిక్ కాఫూర్ సంగతీ అంతే. 1309లో బయల్దేరి 1310 మొదట్లో ఓరుగల్లును ముట్టడించాడు. ఖంభాత్‌లో పట్టుబడిన బానిస, వెయ్యి దీనార్ల ధర మీద 'హజార్ దీనారీ' అన్న పేరు. వృషణాలు తీసేసిన బానిసలకు అంతఃపురంలోనూ సైన్యంలోనూ పెద్ద కొలువులు దొరికేవి, ఎందుకంటే వాళ్లకు వారసులుండరు, వంశం నిలబెట్టుకోరు అని సుల్తానుల ధీమా. అది కొలువు. ఆ మనిషి తనను తాను ఏమనుకున్నాడో చెప్పే వాక్యం ఒక్కటి లేదు.

కరీంనగర్_పోరడు
గిట్ల ఒక్కొక్కటి పీకేస్కుంట పోతే గోడ మీద మేకులే మిగుల్తయి అన్నా. అర్ధనారీశ్వరుడన్న ఉంచుతరా?

పస్పశ
బొమ్మగా ఉంచండి, సాక్ష్యంగా వద్దు. ఆ విగ్రహంలో గీత నడుమ తిన్నగా దిగుతుంది. కుడి సగం పురుషుడు, ఎడమ సగం స్త్రీ. రెండూ కలిశాయని చెప్పే బొమ్మ అది, మూడోది ఉందని చెప్పేది కాదు.

మూడోది గురించి గట్టి చర్చ వ్యాకరణంలో ఉంది. పాణిని 4.1.3 సూత్రం మీద పతంజలి మహాభాష్యంలో, క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నాటిది, ఒక పాత శ్లోకం వస్తుంది: స్తనకేశవతీ స్త్రీ స్యాత్, లోమశః పురుషః స్మృతః, ఉభయోరంతరం యచ్చ తదభావే నపుంసకమ్. స్తనాలు, జుట్టు ఉంటే స్త్రీ. ఒంటిమీద రోమాలుంటే పురుషుడు. ఆ రెండూ లేక నడుమ ఉన్నది నపుంసకం. ఇంటర్నెట్‌లో దీన్ని ఇక్కడితో ఆపేస్తారు. పతంజలి ఆపలేదు. అట్లయితే మంచం (ఖట్వా) ఎందుకు స్త్రీలింగం, చెట్టు (వృక్ష) ఎందుకు పుంలింగం, వాటికి ఏ గుర్తులున్నాయి అని అడిగి, ఒంటి గుర్తులతో లింగం తేలదని పక్కన పెట్టి, కూడటం, పుట్టుకురావడం, నిలకడగా ఉండటం అనే స్థితుల మీద వేరే లెక్క కడతాడు. 80 పదాల్లో పట్టాలంటే శ్లోకం, మంచం ప్రశ్న, ఈ రెండే పెట్టండి.

కామసూత్రంలో తృతీయా ప్రకృతి రెండు రకాలు: స్త్రీరూపిణి, పురుషరూపిణి. రెండో అధికరణం తొమ్మిదో అధ్యాయం. పురుషరూపిణి ఒళ్లు పట్టే పనితో బతుకుతుందని ఉంది. చాలామంది చూడని వివరం అదే. వాత్స్యాయనుడు మోక్షం గురించో హక్కుల గురించో మాట్లాడటం లేదు, పట్నంలో ఒక వృత్తి గురించి చెబుతున్నాడు. వైద్యంలో చరకుడి ఎనిమిది రకాలు, సుశ్రుతుడి ఐదు రకాలు సంతానం కలగని లోపాల పట్టీలు. మనువు 3.49 కూడా అంతే, శుక్రం ఎక్కువా తక్కువా సమానమా అన్న లెక్క. వీటి మీద ఒక్క పోస్టర్ చాలు.

బసదిమెట్లు
పోరడా, మేకులకు తగిలించేది మన గుట్టల్లోనే ఉంది. పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనమున్న కడలాలయ బసది (జైన గుడి), కొలనుపాక, కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడి మూడు భాషల శాసనం. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు జైనుల చదువు నడిచిన నేల. ఆ శాసనాల్లో జెండర్ చర్చ లేదు, అట్లా రాయకండి. కానీ ఆ బసదుల్లో చదివిన కర్మసిద్ధాంతంలో ఉంది, చాలా సూక్ష్మంగా ఉంది.

ఎలాగంటే, జైనులు లింగాన్ని రెండుగా విడదీశారు. ఒంటిది ద్రవ్యవేదం, మనసుది భావవేదం. రెంటికీ కారణమయ్యే కర్మలు వేరు. ఒంటి రూపాన్ని ఇచ్చేది నామకర్మ. మనసులోని స్త్రీవేదం, పుంవేదం, నపుంసకవేదం పుట్టేది మోహనీయ కర్మలో, అంటే మనసును మభ్యపెట్టే కర్మలో. హాస్యం, రతి, అరతి, శోకం, భయం, జుగుప్స, వీటి పక్కన ఆ మూడు వేదాల్నీ కలిపి తొమ్మిది నోకషాయాలు అంటారు. అంటే ఆడతనం, మగతనం, మూడోతనం భయం లాంటి, శోకం లాంటి లోపలి కదలికలు. పదో శతాబ్దంలో, శ్రవణబెళగొళ గోమటేశ్వరుణ్ణి నిలబెట్టిన చావుండరాయడి కాలంలో, నేమిచంద్రుడు గోమ్మటసార జీవకాండలో ఇదంతా ఒక ప్రాకృత గాథలో పెట్టి చివర అన్నాడు: 'పాయేణ సమా, కహిం విసమా'. ఒళ్లూ మనసూ చాలామటుకు ఒకటిగానే ఉంటాయి, కొన్నిచోట్ల ఉండవు.

ఈ నాలుగు మాటలే పోస్టర్. బొమ్మ కూడా అదే గ్రంథంలో ఉంది. పుంవేదం గడ్డిమంట, స్త్రీవేదం పిడకల నిప్పు, నపుంసకవేదం ఇటుకబట్టీ.

ఒక జాగ్రత్త. దీన్ని ఒప్పుదల అని చదవొద్దు. మూడు వేదాలూ బంధాలే, మూడూ పోతేనే ముక్తి. ఇటుకబట్టీ అన్నది పొగడ్త అసలే కాదు. శ్వేతాంబరుల పదిహేను రకాల సిద్ధుల (ముక్తి పొందినవాళ్ల) పట్టీలో నపుంసకలింగ సిద్ధుడు ఉన్నాడు కానీ, పుట్టుకతో కాక తర్వాత అలా అయినవాడనే వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. దిగంబరులు ఆడవాళ్లకే ఆ ఒంటితో ముక్తి లేదన్నారు. తొమ్మిదో శతాబ్దంలో యాపనీయమనే మరో జైన శాఖకు చెందిన శాకటాయనుడు స్త్రీనిర్వాణం (ఆడవాళ్ల ముక్తి) మీద ప్రత్యేకంగా గ్రంథం రాయాల్సి వచ్చింది ఆ గొడవలోనే. ఒంటికీ లోపలికీ తేడా ఉండొచ్చని ఒప్పుకున్న సిద్ధాంతమే, ఎవరికి దారి ఉంది అన్న దగ్గర ఒంటినే చూసింది.

ధూళికట్ట
బౌద్ధం నుంచి ఒక చిన్నది. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో, భిక్షువుకు ఒంటి లింగం మారి స్త్రీ గుర్తులు వస్తే ఏం చేయాలో నియమం ఉంది. మళ్లీ దీక్ష అక్కర్లేదు. అదే ఉపాధ్యాయుడు, అన్నేళ్ల సీనియారిటీ అట్లాగే లెక్క, వెళ్లి భిక్షుణులతో ఉండాలి. రెండు సంఘాలకూ ఉమ్మడిగా ఉన్న దోషాలకు అక్కడ ప్రాయశ్చిత్తం, భిక్షువులకు మాత్రమే ఉన్న దోషాలు రద్దు. భిక్షుణి విషయంలోనూ ఇంతే, తిరగేసి. అదే వినయంలో పండకులకు (నపుంసకులకు), ఉభయవ్యంజనకులకు (రెండు గుర్తులూ ఉన్నవాళ్లకు) దీక్ష నిషేధం. ఒక గడి నుంచి ఇంకో గడికి పోతే సర్దుబాటు ఉంది, గళ్ల మధ్య ఉంటే చోటు లేదు. రెండూ ఒకే పోస్టర్‌లో ఎదురెదురుగా పెట్టండి.

మండిబజార్
గళ్ల మధ్య ఉన్నవాళ్లకు చోటు లెక్కగట్టిన గ్రంథం కూడా ఉంది. పన్నెండో శతాబ్దపు మర్గీనానీ రాసిన హిదాయా. ముస్లిం ధర్మశాస్త్రంలో అబూ హనీఫా పేరు మీద నడిచే హనఫీ శాఖకు మూలగ్రంథాల్లో ఒకటి, 1791లో ఇంగ్లిషులోకి వచ్చింది. అందులో ఖున్సా మీద, అంటే ఒంటిమీద ఆడ, మగ గుర్తులు రెండూ ఉన్న మనిషి మీద, విడిగా ఒక భాగం. మూత్రం ఏ అవయవం నుంచి వస్తుందో మొదట చూడాలి. రెండింటి నుంచీ వస్తే ముందు ఏది. అప్పటికీ తేలకపోతే ఈడు వచ్చేదాకా ఆగి గడ్డమా, స్తనాలా చూడాలి. అయినా తేలని మనిషి 'ఖున్సా ముష్కిల్'. నమాజులో మగవాళ్ల వరసకూ ఆడవాళ్ల వరసకూ నడుమ నిలబడాలి.

ఆస్తి దగ్గర అసలు పీటముడి. కొడుక్కి రెండు, కూతురికి ఒకటి అన్నది నియమం. తండ్రి పోయాడు, ఒక కొడుకు, ఒక ఖున్సా ముష్కిల్ ఉన్నారనుకోండి. అబూ హనీఫా: తక్కువ వాటా ఏదైతే అది, అంటే కూతురి లెక్క. కొడుక్కి మూడింట రెండు, ఖున్సాకు మూడింట ఒకటి. ఆయన శిష్యులిద్దరూ 'సగం మగ వాటా, సగం ఆడ వాటా' అన్న షాబీ అనే పాత పండితుడి మాటను పట్టుకుని చెరోరకంగా లెక్క కట్టారు. అబూ యూసుఫ్: కొడుకు ఒకటి, కూతురు అర, నడుమ ఉన్నవాళ్లు ముప్పావు. ఒకటికి ముప్పావు అంటే ఏడు భాగాల్లో నాలుగు, మూడు. ముహమ్మద్: మగైతే ఆస్తిలో సగం వచ్చేది, ఆడైతే మూడోవంతు, రెండూ కలిపి సగం చేస్తే పన్నెండింట ఐదు, కొడుక్కి ఏడు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే. ఇది శరీరంలో రెండు గుర్తులూ ఉన్న మనిషి సంగతి, ఇప్పుడు ఇంటర్‌సెక్స్ అంటున్నది. మనసులో ఏముందన్న ప్రశ్న ఈ భాగంలో లేదు. నాన్-బైనరీ అని పైన శీర్షిక పెట్టొద్దు.

కరీంనగర్_పోరడు
మంచిగుంది. మరి మనసుల ఏముందని అడుగుడు అమెరికానించే వచ్చినట్టు కాదా? ఊర్ల అందరు అనేది గదే, ఇదంత బయటి ఫ్యాషన్ అని.

బెర్లిన్_టు_కాజీపేట
జైనుల పోస్టర్ చదివాక కూడా అంటే ఇంకేం చెప్పను తమ్మీ. 1990ల పోస్టర్‌లో 'ఆలోచన పుట్టింది' తీసేసి 'ఈ పేర్లు వాడుకలోకి వచ్చాయి' అని పెట్టండి. 1990లో కెనడాలోని విన్నిపెగ్‌లో మూలవాసుల సమావేశంలో టూ-స్పిరిట్ (రెండు ఆత్మల మనిషి) అన్న పేరు, 1995లో అమెరికాలో ఒక చిన్న ఉద్యమ పత్రికలో జెండర్‌క్వీర్ (ఆడ, మగ గళ్లలో ఇమడనివాళ్లు) అన్న పేరు. ఆ పేర్ల వెనక చాలా ఉంది. 1776లో రోడ్ ఐలండ్‌లో జబ్బు చేసి లేచిన ఒక బోధకురాలు తన పాత పేరు వదిలేసి, ఆడా కాదు మగా కాదు, 'పబ్లిక్ యూనివర్సల్ ఫ్రెండ్' అని ప్రకటించుకోవడం, 1819లో చనిపోయేదాకా అనుచరులు 'ఫ్రెండ్' అనే పిలవడం రికార్డులో ఉంది.

కానీ మూడు ఖాళీల్లో ఒకటి నాకివ్వండి, మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్‌కు. బెర్లిన్ డాక్టర్. 1910లో ఆయన వేసిన లెక్క ఇది. మనిషిలో లింగ భేదాన్ని నాలుగు గుంపులు చేశాడు: లైంగిక అవయవాలు, ఒంటి ఇతర లక్షణాలు, కోరిక, మనసు ఇతర లక్షణాలు. ఒక్కో గుంపులో నాలుగేసి అంశాలు, మొత్తం పదహారు. ఒక్కో అంశం మగ, ఆడ, మిశ్రమం అని మూడు రకాలుగా ఉండొచ్చు. మూడును పదహారుసార్లు గుణించాలి. నాలుగుసార్లకు 81, ఎనిమిదిసార్లకు 6,561, పదహారుసార్లకు 4,30,46,721. ఇన్ని రకాల మనుషులు సాధ్యం అన్నాడు. పూర్తి మగ, పూర్తి ఆడ అనేవి ఈ నాలుగు కోట్ల చిల్లరలో రెండు కొసలు మాత్రమే. పిల్లలు కాలిక్యులేటర్‌లో కొట్టి చూసుకోవచ్చు, ఇంతకంటే మంచి పోస్టర్ ఏముంటుంది?

ఈ లెక్కలో లోపం కూడా చెప్పండి. మిశ్రమం అన్నది కూడా ఆడ, మగ అనే రెండు రంగులు కలిపితే వచ్చేదే. రెంటికీ సంబంధం లేనిదానికి నాలుగో గడి ఆయన పెట్టలేదు. తృతీయ లింగం అన్న మాటను యూరప్‌లో వాడినవాళ్లలో, 1864 నుంచి రాసిన జర్మన్ రచయిత ఉల్‌రిక్స్ సహా, చాలామంది మగవాళ్లను ప్రేమించే మగవాళ్ల గురించి మాట్లాడారు. కోరిక, జెండర్ వేరు వేరు లెక్కలని విడదీయడానికి ఇంకా కాలం పట్టింది. హిర్ష్‌ఫెల్డ్ వేరు చేయడం మొదలుపెట్టాడు, అందుకే ముఖ్యుడు.

తేదీలు కలిపేయకండి. బెర్లిన్‌లో హిర్ష్‌ఫెల్డ్ లైంగిక విజ్ఞాన సంస్థ మొదలైంది 1919, మన 1329 ఫసలీ చట్టం ఏడాదే దాదాపు. నాజీ విద్యార్థులు దాన్ని లూటీ చేసింది 1933 మే 6, పుస్తకాలు తగలబెట్టింది మే 10. 1931లో ఆయన ఇండియా అంతా తిరిగి వెళ్లాడు.

లెక్కలక్క
43,769 అంకె సరైనదే, దాని మీద రాసిన పేరు సరికాదు. 2011లో ఫారంలో మగకు 1, ఆడకు 2, ఇతరులకు 3 అని కోడ్. దేశంలో 3 కింద వచ్చింది 4,87,803, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. అంటే అది తెలంగాణ అంకె కూడా కాదు. ఇంకో సంగతి: ఆ 4,87,803లో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు. వాళ్ల తరఫున చెప్పింది ఇంటి పెద్దలు. పెద్దవాళ్ల సంగతీ అంతే, ఇంట్లో ఎవరు తలుపు తీస్తే వాళ్లు చెప్పిందే ఎన్యూమరేటర్ రాసుకుంటాడు. హిజ్రాలు, ఇంటర్‌సెక్స్ పిల్లలు, ట్రాన్స్ ఆడవాళ్లు, నాన్-బైనరీలు అందరూ ఒక్క 3లో. తమను స్త్రీ అని చెప్పుకునే ట్రాన్స్ మహిళ 2లో ఉంటుంది. కాబట్టి 'ఇతరులు' అని మాత్రమే రాయండి, కోడ్ 3 ఉన్న ఫారం గడినే బొమ్మగా వేయండి.

ఎములాడ_గడప
నా మాట కూడ రాస్కోండి. మా దగ్గర శివకల్యాణం శివరాత్రికి కాదు, కామదహనం అయినంక చేస్తరు. బయటోళ్లు ఈడనే గడబిడ పడ్తరు. గా దినం శివపార్వతులు, జోగినిలు, హిజ్రాలు చేతుల త్రిశూలం పట్టుకొని, లోపట సామి లగ్గం అయితున్న గడియలనే ఒగరి మీద ఒగరు తలంబ్రాలు పోసుకుంటరు. సామికి మేము భార్యలం అని.

ఈళ్లను నాన్-బైనరీ అని రాయకుర్రి. శివపార్వతుల్ల ఆడోళ్లుంటరు, మొగ పుట్టుక పుట్టి చీర కట్టినోళ్లుంటరు. వాళ్లను కలిపేది దేవుడి తోటి లగ్గం, జెండర్ కాదు. 2014 తీర్పుల మన శివశక్తుల (మనం శివసత్తులంటం) పేరు ఉన్నది, ఆంధ్రప్రదేశ్ వాళ్లని. గందుకని శివసత్తులందరు ట్రాన్స్‌జెండర్లని అనుకుంటరు, ఐనవోలు మల్లన్న దగ్గర పూనకమొచ్చే ఆడోళ్లు మస్తుమంది శివసత్తులే. ఇంగొకటి, జోగినిని చేసుడు 1988 చట్టం కింద నేరం. లగ్గం ఫొటో కింద 'మన గొప్ప సంప్రదాయం' అని రాస్తే ఆ బాధ పడ్డ ఆడోళ్లకు ఏం జవాబు చెప్తరు? ముఖాలు కనవడే ఫొటో అసలుకే వద్దు. తలంబ్రాలు, త్రిశూలం మీదనే బొమ్మ గీయించుండ్రి.

వకీలుసాబ్_హన్మకొండ
2014 పోస్టర్ మీద. తీర్పు ఏప్రిల్ 15న, జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ. ఇది ఒంటరిగా ఊడిపడలేదు. నేపాల్ సుప్రీంకోర్టు 2007 డిసెంబరులోనే మూడో జెండర్‌ను గుర్తించింది. మన ఎన్నికల సంఘం 2009లో 'ఇతరులు' గడి ఇచ్చింది. ఆస్ట్రేలియా హైకోర్టు నోరీ కేసులో స్త్రీ, పురుషుడు కాని నమోదు ఉండొచ్చని తేల్చింది 2014 ఏప్రిల్ 2న, మన తీర్పుకు పదమూడు రోజుల ముందు.

తీర్పులో రెండు దారాలున్నాయి, రెండూ విడివిడిగా చూపించండి. హిజ్రాలను బైనరీకి బయట తృతీయ జెండర్‌గా గుర్తించడం ఒకటి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి తాను పురుషుడా, స్త్రీయా, తృతీయ జెండరా అని తానే నిర్ణయించుకోవడం రెండోది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామనడం చట్టవిరుద్ధం అని కూడా అంది. 1329 ఫసలీలో ఉన్న వైద్య పరీక్షను దీని పక్కన పెడితే 95 ఏళ్లలో ప్రశ్న ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లిందో కనిపిస్తుంది. 2016 బిల్లులో 'పూర్తిగా ఆడా కాదు, పూర్తిగా మగా కాదు' తరహా నిర్వచనం పెడితే ట్రాన్స్ స్త్రీలు, ట్రాన్స్ పురుషులే గట్టిగా వ్యతిరేకించారు, తాము సగం సగం మనుషులం కామని. 2019 చట్టం మూలపాఠంలో దాన్ని మార్చారు. ట్రాన్స్ పురుషుడు, ట్రాన్స్ స్త్రీ, ఇంటర్‌సెక్స్ వ్యక్తి, జెండర్‌క్వీర్, కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్తా అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి చెప్పారు. శివశక్తులు ఆ వరసలో లేరు.

ఇక 1329 ఫసలీ చట్టం పుస్తకంలోంచి పోయింది ఎప్పుడో తెలుసా? 2023 జులైలో, తెలంగాణ హైకోర్టు కొట్టేస్తే. రాజ్యాంగం 14, 21 అధికరణాలకు (సమానత్వం, జీవించే హక్కు) విరుద్ధం అని. ఖాళీల్లో ఇంకోటి దీనికి.

కాకతీయ_చదువులు
చాలు, గోడ నిండింది. రుద్రమ, కాఫూర్ కలిపి 'పదవి రూపం' అని ఒకే పోస్టర్. అర్ధనారీశ్వరుడు ముఖచిత్రానికి వెళ్తాడు. వ్యాకరణం, వృత్తి, వైద్యం ఒకటి, జైనం ఒకటి, వినయం ఒకటి, హిదాయా ఒకటి, 1329 ఫసలీ, హిర్ష్‌ఫెల్డ్, 1990ల పేర్లు, కోడ్ 3, 2014, వేములవాడ, 2023. ముఖచిత్రం కాక పన్నెండు, సరిగ్గా సరిపోయింది. రెండు ప్రశ్నలు. ఫ్రెండ్ గురించి తెలుగులో రాసేటప్పుడు క్రియ ఏం వాడాలి? హిదాయా లెక్కను బొమ్మగా ఎలా చూపాలి?

పస్పశ
గౌరవ బహువచనం. 'ఫ్రెండ్ బోధించారు, వెళ్లారు'. అక్కడ ఆడ మగ తేడా లేదు, మన దగ్గర 'బోధించిన్రు' అన్నా అంతే. సర్వనామం కావలసిన చోట 'తను' లేదా మళ్లీ పేరు. 'ఆమె/అతడు' అని గీత పెట్టి రాయడం మాత్రం వద్దు, అది మళ్లీ రెండు గళ్లే.

మండిబజార్
మూడు అడ్డపట్టీలు ఒకదాని కింద ఒకటి గీయించండి. మొదటిది మూడు గళ్లు, రెండోది ఏడు, మూడోది పన్నెండు. ఖున్సా వాటా ఒకే రంగులో: మొదటి పట్టీలో ఒక గడి, రెండోదాంట్లో మూడు, మూడోదాంట్లో ఐదు. పక్కన అబూ హనీఫా, అబూ యూసుఫ్, ముహమ్మద్ అని పేర్లు. ముహమ్మద్ అన్నచోట 'ఇమామ్ ముహమ్మద్, అబూ హనీఫా శిష్యుడు' అని పూర్తిగా రాయించండి, లేకపోతే చూసేవాళ్లు ప్రవక్త అనుకుంటారు. గళ్ల సంఖ్య వేరైనా మూడు పట్టీల పొడవు మాత్రం ఒకటే ఉండాలి. మీటరు పట్టీ అయితే రంగు మొదటిదాంట్లో 33 సెంటీమీటర్లు, రెండోదాంట్లో 43, మూడోదాంట్లో 42 దగ్గర ఆగుతుంది. ఆ చివరి సెంటీమీటరు తేడా చేత్తో గీస్తే పోతుంది, ప్రింట్ తీయించండి.